సీసా అడుగున మిగిలిన మందు

“మీ పిల్ల ఇవాళ మా అమ్మని చంపేసేదండి! ఇంత జరిగాక కూడా ఆ పిల్లనే వెనకేసుకొస్తారేంటండి?” అన్నాడు మా అబ్బాయి.

“వెనకేసుకురావడం కాదండీ. దీవెన ఒంటిగంటకి సెలైను సన్నగా పెట్టింది. నేను పక్క మంచం దగ్గరే ఉన్నాను. చుక్కలు నేనూ చూశాను,” అన్నారు వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు రత్నకుమారి గారు.

“మరి ఒకటిన్నరకి సీసా ఎలా ఖాళీ అయిందండి? దెయ్యం వచ్చి తాగిందా?”

“అదే నాకూ తెలియాలి.”

“మీకు తెలిసేదాకా మా అమ్మ బతికుండాలిగా!”

“ఆవిడ ముందు అరవకండి బాబూ. అసలే ఊపిరాడక అవస్థ పడుతున్నారు.”

“అరుస్తానండి. ఇంకోసారి ఆ అమ్మాయి మా అమ్మ మంచం దగ్గరికి వస్తే ఊరుకోను.”

“మంచం దగ్గరికి ఎవరు రావాలో ఎవరు రాకూడదో నేను చూసుకుంటాను. ఈ వార్డు నాది.”

నా ముక్కుకీ మూతికీ ఆక్సిజన్ మాస్కు పెట్టి ఉంది. తల పక్కకి తిప్పితే గుమ్మం కనిపించింది. అక్కడ దీవెన అనే ఆ నర్సు పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. ఏడవడం లేదు. తన రెండు చేతులూ ముందుకు పట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటోంది.

సెలైను గొట్టం మీద, చుక్కల వేగం సరిచేసే ఆ చిన్న చక్రాన్ని తిప్పింది నేను. మాస్కు ఉంది కాబట్టి చెప్పలేకపోయానని రెండు రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మాస్కు తీసేశాక కూడా నేను నోరు విప్పలేదు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను. నాలుగో తరగతితో ఆగిపోయిన చదువు నాది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది కొవ్వూరు. కిరాణా కొట్టు. మా వారు పోయాక అబ్బాయి చూసుకుంటున్నాడు గానీ, మోకాళ్ళు ఒప్పుకున్నన్నాళ్ళూ గల్లా దగ్గర నేనే కూర్చునేదాన్ని. ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున్నే చలి పట్టుకుంది. దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా పళ్ళు టకటకలాడాయి. ఎవరికీ చెప్పలేదు. బార్లీ నీళ్ళు తాగాను, ధనియాల కషాయం తాగాను. డాక్టరు దగ్గరికి వెళ్తే పరీక్షలంటాడు, అదంటాడు ఇదంటాడు అని నాలుగు రోజులు అలాగే ఈడ్చాను. శుక్రవారం వంటింటి గడప దాటబోయి కూలబడ్డాను.

మా కోడలు పద్మజ నన్ను లేపి, “అత్తయ్యగారూ, ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఎన్నాళ్ళ నించి?” అంది.

“ఇవాళే,” అన్నాను. అబద్ధాలు అక్కడే మొదలయ్యాయి.

వంతెన దాటి రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. టోకెను చేతిలో పట్టుకుని హాల్లో రెండు గంటలు కూర్చున్నాం. ఫ్యాను గాలికి నాకు మళ్ళీ వణుకు మొదలైంది. మా ఎదురుగా, కాలికి కట్టుతో కూర్చున్న ఒకావిడ లేచి కుంటుకుంటూ వెళ్ళి ఫ్యాను ఆపింది. ఆమె ఎవరో నాకు తెలియదు. ఉక్కబోతకి నలుగురు గొణిగారు. “పెద్దావిడ వణికిపోతోంది, కనపట్లేదేంటండి?” అని వాళ్ళ నోరు మూయించి, మళ్ళీ కుంటుకుంటూ వెళ్ళి కూర్చుంది. ఆమెకి దణ్ణం పెట్టాలని కూడా తోచలేదు నాకు. ఆ రెండు గంటలూ చేతిసంచి కోడలి దగ్గర భద్రంగా ఉందో లేదో అన్నదే నా ధ్యాస.

మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్ళిందన్నారు. గుండె కూడా బలహీనంగా ఉందనీ, సెలైను ఎక్కించినా నెమ్మదిగానే ఎక్కించాలనీ డాక్టరు గారు అన్నారు. నెమ్మదిగా అన్న మాట నేను విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి లేదు.

వార్డులో గుమ్మం పక్క మంచం నాది. పక్కనే నర్సుల బల్ల. మొదటి రోజు నా చేతికి సూది గుచ్చింది దీవెనే. ముందు తన అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకుంది. “నా చేతులు చల్లగా ఉంటాయి మామ్మగారూ, జ్వరం మీద పట్టుకుంటే ఉలిక్కిపడతారు,” అంది.

“ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేంటి?” అన్నాను.

ఊరు చెప్పింది. ఇంటిపేరు దగ్గరికొచ్చేసరికి, “పిడికిలి బిగించండి” అంది. నేను ఎందుకు అడిగానో ఆ పిల్లకి తెలుసు. నాకూ తెలుసు.

రెండో రోజు నా జుట్టు అట్టలు కట్టిందని ఎవరూ అడక్కుండానే కొబ్బరినూనె రాసి చిక్కు తీసి జడ వేసింది. “అరచేతినిండా నూనె పోశావేంటే, వృథాగా?” అని కసిరాను. “మీ తలకే కదండీ మామ్మగారూ, పొరుగువాళ్ళ తలకి రాశానా?” అని నవ్వింది. పక్క మంచం మీద పక్షవాతంతో పడుకున్న ముసలావిడ మాటరాని నోటితోనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు గానీ, ఆ జడ వేసుకున్నాక మొదటిసారి తల తేలిగ్గా అనిపించింది.

ఇక ఆ సీసా సంగతి. రెండు రోజులూ నేను గమనించాను. మధ్యాహ్నం రెండింటికి నర్సుల డ్యూటీ మారుతుంది. మారే ముందు పాత సీసా తీసేసి కొత్తది తగిలిస్తారు. పాత సీసా అడుగున ఎప్పుడూ కొంచెం మందు మిగిలే ఉంటుంది. దాన్ని అలాగే చెత్తబుట్టలో పడేస్తారు. నా కడుపు రగిలిపోయేది. మా కొట్లో నూనె డబ్బా ఖాళీ అయితే, దాన్ని తలకిందులుగా గరాటు మీద బోర్లించి ఒక పగలంతా ఉంచుతాను. ఆఖరి చుక్క దిగితే గానీ డబ్బా బయటికి పోదు. అలా చూసుకున్నాం కాబట్టే కొట్టు నిలబడిందని నా గర్వం.

మూడో రోజు, అంటే ఆదివారం, ఒంటిగంటకి దీవెన సీసా చూసి, చక్రం సరిచేసి, గడియారం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టుకుని వెళ్ళింది. సీసాలో సగానికి పైన ఉంది. ఇంత నిదానంగా దిగితే రెండింటికి ఎలా అవుతుంది, మళ్ళీ చెత్తబుట్ట పాలేనని నాకు తోచింది. పద్మజ భోంచెయ్యడానికి కిందికి వెళ్ళింది. చక్రం నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. బొటనవేలితో పైకి తోశాను. చుక్కలు కలిసిపోయి దారంలా ధార కట్టాయి. పని తెలిసినదానిలా తృప్తి పడి కళ్ళు మూసుకున్నాను.

మెలకువ వచ్చేసరికి గోదాట్లో మునిగినట్టుంది. గుండెల మీద బరువు. గాలి కోసం నోరు తెరిస్తే గాలి లేదు. అరవలేను. మంచం ఊచని గాజులతో కొట్టాను. నా మొహం చూసి మొదట పరిగెత్తుకొచ్చింది దీవెనే. గొట్టం ఆపి, నన్ను లేపి కూర్చోబెట్టి, తన భుజానికి ఆనించుకుని, “చూడండి మామ్మగారూ, నన్ను చూడండి, నాతో పాటు పీల్చండి” అంది. ఆ భుజం మీదే నా ప్రాణం నిలబడింది.

తర్వాత ఐసీయూలో రెండు రోజులు. అబ్బాయి అరుపులు అక్కడికి తీసుకెళ్ళేలోపే, వార్డులోనే విన్నాను. వాడి కోపం సిస్టర్ల దగ్గర ఆగలేదు. “నీకు తిండే ఎక్కువైందా? ఆ అరగంట ఆగలేకపోయావా?” అని పెళ్ళాం మీద పడ్డాడు. పద్మజ తల వంచుకుంది. నా వేలు చేసిన పనికి ఇద్దరు ఆడవాళ్ళు మాటలు పడుతున్నారు. నేను కళ్ళు మూసుకుని పడుకున్నాను.

మంగళవారం మాస్కు తీశారు. చెంచాతో జావ పోస్తూ పద్మజ, “అత్తయ్యగారూ, కోప్పడకండి. ఆ చక్రం మీరు గానీ ముట్టుకున్నారా?” అంది.

మా ఇంటికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది ఆమె. నూనె డబ్బా సంగతి ఆమెకి తెలియక కాదు.

“నేనా? ఆ యంత్రాల సంగతి నాకేం తెలుసు? నా చేతికి సూది గుచ్చి పడేస్తే కదలడానికుందా?” అన్నాను. కోప్పడ్డాను కూడా. ఆమె నా మూతి తుడిచి గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు.

అదే రోజు మధ్యాహ్నం నన్ను మళ్ళీ వార్డుకి తెచ్చారు. గుమ్మం పక్కన అదే మంచం. దీవెన అక్కడే ఉంది. ఆమెని వేరే వార్డుకి మార్చమని ఆసుపత్రి మేనేజరు గారు అన్నారట, రత్నకుమారి గారు ఒప్పుకోలేదట. “మారిస్తే తప్పు చేసిందని మనమే ఒప్పుకున్నట్టు” అన్నారట. పక్క మంచం ముసలావిడ కూతురు చెప్పింది. మేనేజరు గారు అందరు నర్సుల ముందూ దీవెనకి మెమో చేతిలో పెట్టి, తప్పయిందని రాసివ్వకపోతే ఉద్యోగం ఉండదన్నారని కూడా ఆవిడే చెప్పింది. రెండు రోజులు గడువు.

దీవెన టైముకి వచ్చేది. బీపీ చూసేది, మాత్ర ఇచ్చేది, కాగితం మీద రాసుకునేది. అన్నీ సరిగ్గానే. కానీ అరచేతులు రుద్దుకోవడం లేదు. నా జడ మూడు రోజుల నాటిది, అలాగే ఉంది. “మంచినీళ్ళు కావాలమ్మా” అంటే, “చెప్తానండీ” అని ఆయాని పిలిచేది. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అలాంటి పని తీరు నేను ముందే చూశాను. మా కొట్లో సత్యం అని గుమాస్తా ఉండేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. వాన మబ్బు పడితే చాలు, ఎవరూ చెప్పకుండా పరిగెత్తి బియ్యం బస్తాల మీద పట్టా కప్పేవాడు. ఒకరోజు ఒక గిరాకీ వచ్చి కందిపప్పు తూకం తగ్గిందని గొడవ చేశాడు. తగ్గలేదని నాకు తెలుసు, కాటా నా కళ్ళ ముందే తూగింది. అయినా గిరాకీ ముందు సత్యాన్ని తిట్టాను. “కళ్ళు నెత్తికెక్కాయా?” అన్నాను. గిరాకీ సంతోషపడి వెళ్ళాడు. వ్యాపారం అంటే అంతే అనుకున్నాను. సత్యం ఆ తర్వాత ఆరేళ్ళు మా దగ్గరే పనిచేశాడు. తూకంలో గింజ తేడా రానివ్వలేదు. కానీ వాన వస్తే బస్తాల వంక చూసి, నా వంక చూసి నిలబడేవాడు. పట్టా కప్పు అంటే కప్పేవాడు. అనకపోతే లేదు. వాడికి పొగరెక్కిందని మా వారితో చాడీలు చెప్పాను. ఆ సత్యం చూపు మళ్ళీ దీవెన మొహంలో కనిపించేసరికి నాకు అన్నం దిగలేదు.

అయినా నోరు రాలేదు. డెబ్బై నాలుగేళ్ళ దాన్ని. నలుగురికీ బుద్ధి చెప్పేదాన్ని. నాలుగు చెంచాల మందు కోసం కక్కుర్తి పడి ప్రాణం మీదికి తెచ్చుకుందట అని కొవ్వూరు మెయిన్ రోడ్డంతా నవ్వుతారని భయం. ఆ పిల్ల ఉద్యోగం కంటే నాకు అదే పెద్దదైంది.

బుధవారం భోజనాల వేళ నర్సుల బల్ల దగ్గర ఇద్దరే ఉన్నారు. నాకు వినబడుతుందని వాళ్ళు అనుకోలేదు. నేను బల్లకి వీపు పెట్టి పడుకుని ఉన్నాను.

“క్యారేజీ విప్పు. పొద్దుట్నించీ ఏమీ తినలేదు నువ్వు,” అన్నారు రత్నకుమారి గారు.

“వద్దక్కా. రాసిచ్చేస్తాను. మా పిన్ని కూతురు హైదరాబాద్‌లో ఉంది, అక్కడికి పోతాను. ఈ పనీ వద్దు, బట్టల కొట్లో చేరతాను.”

“పోతే పో. చెయ్యని తప్పు నెత్తిన పెట్టుకుని మాత్రం పోకు. నువ్వు రాస్తే కింద నేనూ సంతకం పెడతాను, చుక్కలు నేనూ చూశాను కాబట్టి. అప్పుడు ఇద్దర్నీ తియ్యమను.”

“మీరెందుకక్కా? మీకు పదిహేనేళ్ళ సర్వీసు.”

“ఆ సర్వీసులో మొదటి సంవత్సరం నాకూ ఇలాంటిదే జరిగింది. నా వెనకాల ఎవ్వరూ నిలబడలేదు. తిను ముందు.”

క్యారేజీ మూత తీసిన చప్పుడైంది. తర్వాత దీవెన చాలా చిన్న గొంతుతో అంది. “అక్కా, నిజం చెప్పనా? చక్రం నేనే వదులుగా వదిలేశానేమో. సన్నగా పెట్టాననే అనుకుంటున్నాను. కానీ ఇప్పుడు నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు. ఇవాళ నాలుగో నంబరు మంచానికి సెలైను పెట్టి, ఆరుసార్లు వెనక్కి వెళ్ళి చూసుకున్నాను.”

ఇక పడుకోలేకపోయాను. ఉద్యోగం పోతే మరొకటి వెతుక్కుంటుంది. నేను ఆ పిల్ల చేతుల్నే లాక్కున్నాను.

డ్యూటీ మారకముందే, రెండు కావస్తుండగా అబ్బాయి, మేనేజరు గారు కలిసి వచ్చారు. ఫిర్యాదు కాగితం టైపు చేసి తెచ్చారు. మేనేజరు గారు సిరా పెట్టె మూత తీసి, “పెద్దావిడ కదండీ, వేలిముద్ర చాలు” అన్నారు. నా బొటనవేలు పట్టుకున్నారు. అదే వేలు.

“నాకు రాయడం వచ్చు,” అని చెయ్యి లాక్కున్నాను. “కలం ఇవ్వండి. రత్నకుమారి గారిని పిలవండి. ఆ పిల్లని కూడా.”

“ఎందుకమ్మా వాళ్ళు? సంతకం పెట్టెయ్,” అన్నాడు అబ్బాయి.

కాగితం వెనక్కి తిప్పి, అన్నం బల్ల మీద పెట్టుకుని రాశాను. చాలాసేపు పట్టింది. “చక్రం తిప్పింది నేను. సిస్టరు కాదు. మందు వృథా అవుతుందని తిప్పాను. అడిగితే అబద్ధం చెప్పాను.” కింద సంతకం.

అబ్బాయి నా భుజం మీదుగా చదివాడు. మొహం నల్లబడిపోయింది. “అమ్మా, జ్వరంలో ఏదేదో రాస్తున్నావు. ఇలా ఇవ్వు. నలుగుర్లో నా పరువేం కావాలి?” అని గుంజబోయాడు.

“జ్వరం లేదు. నీ పరువుతో పాటు నాదీ పోనీ. నీ పెళ్ళాం మధ్యాహ్నం భోంచెయ్యడం తప్పు కాదు, అది కూడా విను,” అన్నాను.

పద్మజ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇటు తిరగలేదు.

రత్నకుమారి గారు కాగితం చదివారు. నన్ను మెచ్చుకోలేదు. “ఆదివారమే చెప్పి ఉంటే బాగుండేది మామ్మగారూ” అని మాత్రం అన్నారు. తర్వాత మేనేజరు గారి వైపు తిరిగి, “మెమో అందరి ముందూ ఇచ్చారు కదండీ. వెనక్కి తీసుకోవడం కూడా అందరి ముందే జరగాలి” అన్నారు. “చూద్దాం లెండి” అన్నాడాయన. “చూద్దాం కాదండీ. రేపు పొద్దున్న డ్యూటీ మారేటప్పుడు అందరం ఇక్కడే ఉంటాం,” అన్నారావిడ.

దీవెన కాగితం అందుకుంది. చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. నా వంక చూడలేదు. కాగితం రత్నకుమారి గారికి ఇచ్చి బయటికి వెళ్ళిపోయింది. “తప్పయిందమ్మా” అని నేను అన్నాను. అప్పటికే గుమ్మం దాటింది. విన్నదో లేదో తెలియదు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి నర్సులంతా బల్ల చుట్టూ నిలబడ్డారు. మేనేజరు గారు వచ్చి మెమో రద్దు చేశామని రెండు ముక్కల్లో చెప్పి వెళ్ళిపోయారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రత్నకుమారి గారు డ్యూటీ పుస్తకం తెరిచి, గుమ్మం వైపు మంచాలు దీవెనకే రాశారు.

దీవెన నా దగ్గరికి వచ్చింది. బీపీ చూసింది, జ్వరం చూసింది, రాసుకుంది. కొత్త సీసా తగిలించి, గడియారం పట్టుకుని చుక్కలు లెక్కపెట్టింది. ఒక్కసారే లెక్కపెట్టింది. తర్వాత జేబులోంచి తెల్ల ప్లాస్టరు తీసి చక్రం చుట్టూ రెండు చుట్లు చుట్టి, దాని మీద పెన్నుతో టైము రాసింది. వార్డులో మరే మంచానికీ అలా చుట్టలేదు.

“చెయ్యి కదపకండి మామ్మగారూ,” అంది.

“కదపను,” అన్నాను.

పక్క మంచం ముసలావిడ కళ్ళల్లో ఎండ పడుతోంది. ఎవరూ చెప్పలేదు, దీవెనే వెళ్ళి కర్టెను లాగింది. ఆవిడ చెయ్యి పట్టుకోబోయే ముందు తన అరచేతులు రుద్దుకుంది.

మధ్యాహ్నం కాకముందే నా సీసా అయిపోయింది. అడుగున కొంచెం మిగిలింది. దీవెన దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసింది. నేను చూస్తూ ఊరుకున్నాను.